మా ముంగిట్లో గరిక: మార్చి నుంచి మృగశిర దాకా

మార్చి 17

సంక్రాంతి వెళ్లిన వారానికి వేయించిన లాన్ ఇది. ఖమ్మంలో మా ఇంటి ముందు 20 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు జాగా. 360 చదరపు అడుగులు, మీటర్లలో చెప్పాలంటే 33 చదరపు మీటర్లు. కడియం నర్సరీ నుంచి మట్టితో సహా చాపల్లా కోసిన గడ్డి లారీలో వచ్చింది. నర్సరీవాళ్లు దీన్ని సెలెక్షన్ వన్ అంటారు. పేరు అలా ఉన్నా జాతి మన గరికే. వినాయక చవితికి పత్రిలో పెట్టే గరికకు ఇది సన్నాకుల చెల్లెలు.

ఫిబ్రవరి అంతా కళ్లకు పండగలా ఉంది. పొద్దున్నే చెప్పులు విడిచి దాని మీద నడవడం కోసమే అరగంట ముందు లేచేదాన్ని. ఈ వారం నుంచి రంగు మారుతోంది. మధ్యాహ్నం రెండింటికి చూస్తే పచ్చదనంలోకి బూడిదరంగు దిగింది. నడిచిన చోట అడుగుల గుర్తులు అలాగే ఉండిపోతున్నాయి, గడ్డి పైకి లేవట్లేదు. రోజూ సాయంత్రం పది నిమిషాలు పైపుతో చల్లుతూనే ఉన్నాను. మార్చిలోనే ఇలా ఉంటే మే నెల ఎలా దాటుతుందోనని టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈ డైరీ. ఏం చేశానో, ఏం జరిగిందో రాసి పెట్టుకుంటాను.

మార్చి 19

పైనుంచి చూస్తే ఏమీ తెలియట్లేదని లోపల చూశాను. కూరలు తరిగే పాత కత్తితో లాన్ మధ్యలో జానెడు లోతు ముక్క, పుచ్చకాయ ముక్క కోసినట్టు, కోసి పైకి తీశాను.

చూడగానే విషయం అర్థమైంది. పైన అంగుళం మందాన నల్లటి జిగురుమట్టి, గడ్డితో పాటు కడియం నుంచి వచ్చింది. దాని కింద మా ఎర్రమట్టి. రెండింటి మధ్య గీత గీసినట్టు సరిహద్దు ఉంది. నల్లమట్టి చల్లగా, తడిగా ఉంది. ఎర్రమట్టిని వేళ్లతో నలిపితే పొడిలా రాలిపోయింది. వేర్లు తెల్లగా, ఆరోగ్యంగానే ఉన్నాయి కానీ ఒక్కటీ కిందికి దిగలేదు. సరిహద్దు దాకా వచ్చి, అక్కడ పక్కకు తిరిగి, చాప అల్లినట్టు అడ్డంగా పాకాయి. రెండు నెలలుగా ఈ గడ్డి నా నేలలో లేదు. తనతో తెచ్చుకున్న అంగుళం మట్టిలోనే బతుకుతోంది.

తప్పు నాదే. రోజూ కొంచెం కొంచెం చల్లితే నీళ్లు ఆ అంగుళంలోనే ఆగిపోతాయి. కింద తేమ లేనప్పుడు వేరు కిందికి ఎందుకు పోతుంది? పైగా ఆ అంగుళమే ఎండకు మొదట కాలేది.

మార్చి 24, ఆదివారం

ఎన్ని నీళ్లు పోస్తున్నానో లెక్క కట్టాను. 20 లీటర్ల బకెట్ నిండడానికి మా పైపుకి 80 సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి 15 లీటర్లు. రోజూ పది నిమిషాలంటే 150 లీటర్లు. చదరపు మీటరు మీద ఒక లీటరు పోస్తే ఒక మిల్లీమీటరు వాన పడినట్టు. ఆ లెక్కన 33 చదరపు మీటర్ల మీద 150 లీటర్లంటే రోజుకు నాలుగున్నర మిల్లీమీటర్లు. మన దగ్గర నడివేసవిలో ఇలాంటి గడ్డికి రోజుకు అటూ ఇటూగా 5 మిల్లీమీటర్లు కావాలి. అంటే నేను పోసే నీళ్లు తక్కువేమీ కాదు. పోసే పద్ధతే తప్పు.

చల్లడం ఎంత సమంగా ఉందో కూడా చూద్దామని స్ప్రింక్లర్ పెట్టి, నిలువు అంచులున్న ప్లాస్టిక్ డబ్బాలు ఏడింటిని లాన్‌లో అక్కడక్కడ ఉంచాను. ఇరవై నిమిషాల తర్వాత మా అమ్మాయి జామెట్రీ బాక్సులోని స్కేలు తెచ్చి ఒక్కో డబ్బాలో నీళ్లు కొలిచింది. మధ్యలో 14 మిల్లీమీటర్లు, గేటు మూలన 3. ఒకే లాన్‌లో ఒక చోట వాన, ఒక చోట కరువు. స్ప్రింక్లర్‌ను ఒకే చోట పెట్టి వదిలేయకుండా మూడు చోట్లకు మార్చి, ప్రతి చోటా సమానంగా నడపాలని రాసుకున్నాం. డబ్బాల మధ్య తేడా 3 మిల్లీమీటర్లకు తగ్గేదాకా అమ్మాయి నన్ను వదల్లేదు.

మార్చి 30

నల్లమట్టికీ ఎర్రమట్టికీ మధ్య ఉన్న ఆ గీతను చెరపాలి. నాలుగు రోజుల క్రితం పొద్దున బాగా తడిపి, మర్నాడు తెల్లవారుజామున మొదలుపెట్టాను. గడ్డపార మరీ లావు. ఇంటి పని అయ్యాక మిగిలిన 12 మిల్లీమీటర్ల ఇనుప చువ్వ ఒకటుంటే, మొన దగ్గర సాన పట్టించి తెచ్చాను. జానెడు దూరానికి ఒకటి చొప్పున ఆరంగుళాల లోతు రంధ్రాలు పొడుస్తూ పోయాను. ప్రతి రంధ్రంలో చువ్వను కొంచెం తిప్పి, ఏటి ఇసుకలో మాగిన వర్మీ కంపోస్టు కలిపి నింపాను. మూడు వంతులు ఇసుక, ఒక వంతు ఎరువు.

మొత్తం లాన్‌కు నాలుగు పొద్దులు పట్టింది. చేతులు బొబ్బలెక్కాయి. కానీ ఈ పనిని ఎవరైనా వేసవి ముందే, మార్చి లోపలే చేసుకోవాలి. ఏప్రిల్ సగం దాటాక గడ్డి వేర్లను ఇలా కదిలిస్తే కోలుకునే ఓపిక దానికి ఉండదు.

ఏప్రిల్ 6

నీళ్ల పద్ధతి మార్చి వారమైంది. రోజూ కాదు, నాలుగు రోజులకు ఒకసారి, పోసిన రోజు మాత్రం 20 మిల్లీమీటర్ల వాన పడినట్టు పోయడం. మొత్తం లాన్‌కు 660 లీటర్లు, మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకులో మూడింట రెండు వంతులు. మొదటిరోజు ఏకబిగిన పోస్తే పావుగంట తర్వాత నీళ్లు ఇంకకుండా పార్కింగ్ టైల్స్ మీదికి పారాయి. ఇప్పుడు ఒక్కో చోట ఐదేసి నిమిషాల చొప్పున మూడు విడతలు. ఒక చోట ఇంకేలోగా ఇంకో చోట పోస్తున్నాను. తెల్లవారి నాలుగున్నరకు మొదలుపెడితే ఆరింటికి అయిపోతుంది. ఆ వేళకు గాలి తక్కువ, ఎండ లేదు, పోసిన నీళ్లు నేలకే చేరతాయి. సాయంత్రం పోస్తే రాత్రంతా ఆకు తడిగా ఉండి బూజు తెగులుకు దారి ఇస్తుంది.

కోత విషయం. ఫిబ్రవరిలో కార్పెట్‌లా ఉండాలని అంగుళం ఎత్తుకు కోసేదాన్ని. ఇప్పుడు మెషిన్‌ను అన్నిటికన్నా పై గాడిలో పెట్టాను, రెండంగుళాల పైనే. ఆకు పొడుగ్గా ఉంటే దాని నీడ దాని కాళ్ల మీదే పడుతుంది, నేల అంతగా కాగదు. ఎప్పుడు కోసినా ఉన్న ఎత్తులో మూడో వంతుకు మించి కోయట్లేదు. కోసిన ముక్కల్ని ఎత్తి పారేయకుండా అక్కడే వదిలేస్తున్నాను. రెండు రోజుల్లో ఎండి, పోచల మధ్యకు జారి, నేలకు కప్పులా ఉంటాయి.

ఇంకో విషయం ఇప్పుడే గమనించాను. కోసిన మర్నాడు లాన్ మొత్తం మీద తెల్లటి పొర కనిపించేది. ఎండకు మాడిందనుకున్నాను. ఒక పోచను వెలుతురులో పెట్టి చూస్తే కొస తెగలేదు, పీలికలుగా చిరిగి ఉంది. బ్లేడు మొద్దుబారింది! సాన పట్టే అతను సైకిల్ మీద మా వీధికి వస్తే పట్టించాను. ఈ వారం కోశాక ఆ తెల్లదనం లేదు.

ఏప్రిల్ 14, అశ్విని కార్తె

వంటింటి వైపు మూల నన్ను బాగా బాధపెడుతోంది. మిగతా లాన్ కోలుకుంటుంటే ఆ మూల మాత్రం పోచల కొసలు గోధుమరంగుకు తిరిగి, గడ్డి పలచబడింది. నేల మీద సున్నం చల్లినట్టు తెల్లటి పొర.

ఆ మూలకు నేను ప్రత్యేకంగా పోసేది ఒక్కటే. ఆర్ఓ మెషిన్ నుంచి వృథాగా పోయే నీళ్లు. పారబోయడం పాపమని ఫిబ్రవరి మొదటి నుంచి రోజూ ఒక బకెట్, 20 లీటర్లు, ఆ మూలే పోస్తున్నాను. నీళ్ల స్వచ్ఛత చూసే టీడీఎస్ పెన్ను ఆర్ఓ మెషిన్‌తో పాటే వచ్చింది, ఇన్నాళ్లూ డ్రాయర్లో పడి ఉంది. దాన్ని బయటకు తీసి ఇంట్లోని నీళ్లన్నీ కొలిచాను. మున్సిపాలిటీ కుళాయి నీళ్లు 240. మా బోరు నీళ్లు 780. ఆర్ఓ వృథా నీళ్లు 1160. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు 28.

1160 అంటే లీటరు నీళ్లలో 1160 మిల్లీగ్రాముల లవణాలు. 20 లీటర్లలో 23 గ్రాములు. 70 రోజులకు కిలోన్నర పైనే. ఆరు చదరపు మీటర్ల మూలలో నా చేత్తో నేను కిలోన్నర లవణం కుమ్మరించాను. ఉప్పంటే కూరలో వేసే ఉప్పు ఒక్కటే కాదు, బోరు నీళ్లలోని సున్నం లవణాలూ అందులోవే. రోజూ కొంచెం పోయడం వల్ల నీళ్లు ఆవిరైపోయాయి, లవణాలు పైనే మిగిలిపోయాయి. గరిక ఉప్పును బాగానే తట్టుకునే జాతి. ఇంకో రకం గడ్డి అయితే ఈపాటికి పూర్తిగా పోయేది.

దీనికి మందేమీ లేదు. మంచి నీళ్లు దండిగా పెట్టి లవణాన్ని వేర్ల కిందికి దించేయడమే. ముందుగా పైన ఉన్న తెల్లటి పొరను చేత్తో గీకి ఎత్తేశాను. కుళాయి వచ్చే వేళ చూసుకుని మూడు రోజులు వరసగా, రోజుకు 150 లీటర్లు ఆ ఒక్క మూలకే పట్టాను. ఇకనుంచి ఆర్ఓ నీళ్లు ఇల్లు తుడవడానికి, బాత్‌రూమ్ కడగడానికి. ఏసీ నీళ్లు మాత్రం రాత్రికి ఎనిమిది, పది లీటర్లు బకెట్‌లో పడుతున్నాయి. అవి ఈ మూలకు.

ఏప్రిల్ 21

గేటు పక్కన 18 అడుగుల వెడల్పున, ఐదున్నర అడుగుల లోపలికి ఉన్న పట్టీ ఏం చేసినా మాట వినట్లేదు. అక్కడ డబ్బాలు పెట్టి కొలిచాను, నీళ్లు సరిపోతున్నాయి. చెదలేమోనని గడ్డిని పట్టుకుని లాగాను. వేరుపురుగో చెదలో ఉంటే చాప లేచినట్టు చేతికి వస్తుంది. రాలేదు, గట్టిగానే పట్టుకుని ఉంది.

పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకుని గుచ్చాను. వంటింటి మూలన పిడి దాకా దిగింది. గేటు దగ్గర మూడంగుళాలకు టక్కుమని ఆగింది. అడుగు పక్కన గుచ్చాను, అక్కడా అంతే. నేల కింద ఏదో ఉంది. పలుగుతో ఒక మూల తవ్వి చూస్తే ఇల్లు కట్టినప్పటి సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, గడ్డకట్టిన ఒక సగం బస్తా సిమెంటు. పని అయ్యాక ఎత్తిపోయడం బద్ధకమై మేస్త్రి మనుషులు అక్కడే వేసి మట్టి కప్పేశారు. లాన్ వేసే ముందు ఒక్కరోజు నేల తవ్వించి ఉంటే బయటపడేది. మార్చిలో చువ్వ గుచ్చినప్పుడు కూడా అక్కడ రాయి తగిలిందనుకుని పక్కకు జరిగిపోయాను.

మూడంగుళాల మట్టి, దాని కింద కాలే సిమెంటు, పక్కనే పార్కింగ్ టైల్స్. మధ్యాహ్నం ఆ టైల్స్ మీద వట్టి కాలు పెట్టలేం. ఇప్పుడే తవ్వించేయాలని కూలీల కోసం ఫోన్ కూడా చేశాను.

ఏప్రిల్ 27, భరణి కార్తె

తవ్వించలేదు. మామయ్య వద్దన్నారు.

వైరా దగ్గర మా ఊళ్లో మామయ్య నలభై ఏళ్లు సేద్యం చేశారు. ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు. ఇన్నాళ్లూ నా లాన్ పనులను వరండాలో కుర్చీ వేసుకుని చూస్తున్నారే తప్ప ఏమీ అనలేదు. కూలీలు వస్తున్నారని చెప్పగానే లేచి గేటు దగ్గరికి వచ్చారు.

"ఎండకాలం దుక్కులు ఎందుకు దున్నుతమో తెలుసా అమ్మా?" అని అడిగారు.

"నేల గుల్లబారడానికి, వాన నీళ్లు ఇంకడానికి కదా మామయ్యా?"

"అదొకటి. ఇంకొకటి గరికను చంపడానికి. చేనులో గరిక పడితే మందు కొట్టినా పోదు, కొడవలితో కోసినా పోదు. నాగలి వేసి దాని వేరును తిరగేసి ఎండకు పెట్టాలె. రోహిణి ఎండ వేరుకు బాగా తగిల్తే అప్పుడు చస్తది. నువ్వు ఇప్పుడు తవ్విస్తే అదే పని చేసినట్టు."

మామయ్య వంగి, ఎండిన పట్టీలోంచి ఒక తీగను పట్టి పైకి తీసి, బొటనవేలి గోటితో గీరి చూపించారు. పైన గడ్డివాములోని పరకలా ఎండిపోయి ఉంది. లోపల కణుపు దగ్గర పాలకంకిలా తెల్లగా, పచ్చిగా ఉంది.

"ఆకు పోతే పోనీ. ఇది ఉంటే వానకు లేస్తది. దీన్ని ఎండ చూడనియ్యకు, అంతే."

నలభై ఏళ్లు దాన్ని చంపడానికి కష్టపడిన మనిషి కాబట్టి, ఎలా బతుకుతుందో ఆయనకు నాకన్నా బాగా తెలుసు. ఆ రోజు నుంచి నా ఆలోచన మారింది. ఇన్నాళ్లూ లాన్‌ను పచ్చగా ఉంచాలని తాపత్రయపడుతున్నాను. వేసవిలో ఉంచాల్సింది పచ్చదనాన్ని కాదు, కణుపును. గరిక వేడికి పుట్టిన గడ్డే. నలభై డిగ్రీలు దాటినా వేడి ఒక్కటే దాన్ని చంపదు, తేమ అందకపోతే ఆకు వదిలేసి పడుకుంటుంది.

అందుకని గేటు పట్టీని పడుకోనిస్తున్నాను. అక్కడ కోత లేదు, తొక్కుడు లేదు, తాడు కట్టేశాను. ఇసుక, ఎరువు కలిపి అర అంగుళం మందాన పైన చల్లి, మూడు వారాలకు ఒకసారి 90 లీటర్లు, అంటే 10 మిల్లీమీటర్లు మాత్రమే. కణుపు ఎండిపోకుండా ఉండేంత. మిగతా 24 చదరపు మీటర్లకు ఎప్పటిలాగే నాలుగు రోజులకోసారి, 480 లీటర్లు.

మే 4

పక్కింటావిడ యూరియా వేస్తే నాలుగు రోజుల్లో నల్లపచ్చగా వస్తుందన్నారు. మొత్తం వేయడానికి మనసొప్పక ఒక చదరపు మీటరులో గుప్పెడు చల్లి నీళ్లు పెట్టాను. మూడో రోజుకు మచ్చలు మచ్చలుగా మాడింది. చల్లటి రోజుల్లోనైనా చదరపు మీటరుకు పది గ్రాములు దాటకూడదు. గుప్పెడంటే దానికి నాలుగైదింతలు. పైగా ఈ ఎండలో ఎరువు వేసి ఆకును ఎదగమంటే, ఉన్న కాస్త తేమనూ ఆకుకే ఖర్చు చేస్తుంది. వానలు పడేదాకా ఎరువు ఊసెత్తను.

మే 11, కృత్తిక కార్తె

పొద్దున మళ్లీ కత్తితో ముక్క కోసి చూశాను. వేర్లు నాలుగంగుళాలు దిగాయి! ఇసుక రంధ్రాలు ఉన్న చోట ఐదంగుళాల దాకా. నల్లమట్టి, ఎర్రమట్టి మధ్య ఆ గీత ఇంకా కనిపిస్తోంది కానీ వేర్లు దాన్ని దాటి పోయాయి. ఇసుక రంధ్రంలో తెల్లటి వేరు ఒకటి సన్నటి దారంలా నిటారుగా కిందికి దిగి ఉంటే, ఆ ముక్కను చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. అమ్మాయిని నిద్ర లేపి మరీ చూపించాను.

వంటింటి మూల కొసలు మాడడం ఆగింది. ఇంకా పలచగానే ఉంది, పక్క నుంచి తీగలు పాకుతున్నాయి.

మే 18

బోరు ఇబ్బంది పెడుతోంది. పదిహేను నిమిషాలు నడిచాక గాలి తన్నుతోంది. వీధిలో మూడు ఇళ్లకు ట్యాంకర్లు వస్తున్నాయి. ఇలాంటప్పుడు లాన్‌కు 480 లీటర్లు పెట్టడం న్యాయమేనా అని రెండు రోజులు మథనపడ్డాను. ఇంట్లో అందరం మాట్లాడుకున్నాం. తాగడానికి, వాడుకోవడానికి పోగా మిగిలితేనే లాన్‌కు. ట్యాంకర్ నీళ్లు మాత్రం ఒక్క చుక్క కూడా గడ్డికి వద్దు.

నాలుగు రోజుల్ని ఆరు రోజులు చేశాను. తారీఖు చూసి కాకుండా గడ్డిని చూసి పోస్తున్నాను. పోచ సూదిలా ముడుచుకుని, రంగు బూడిద తిరిగి, అడుగు వేస్తే గుర్తు పదినిమిషాల దాకా నిలిచి ఉంటే, మర్నాడు తెల్లవారుజామున నీళ్లు. మధ్యాహ్నం వాడినట్టు కనిపించి సాయంత్రానికి విచ్చుకుంటే ఇంకో రోజు ఆగొచ్చు.

గేటు పట్టీకి రెండో విడత 90 లీటర్లు ఈ రోజే పెట్టాను.

మే 25, రోహిణి కార్తె

రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు. మధ్యాహ్నం మూడింటికి వరండాలో నీడన ఉన్న థర్మామీటర్ 44 చూపించింది. వడగాలికి కిటికీలు మూసుకుని కూర్చున్నాం.

లాన్ ఫొటో తీసి ఫిబ్రవరి ఫొటో పక్కన పెట్టి చూశాను. అందం పోయింది, నిజమే. లేత గోధుమరంగులో అక్కడక్కడ పచ్చ. చుట్టపుచూపుగా వచ్చిన మా పిన్ని "అయ్యో, అంత డబ్బు పోసి వేయించారు, చచ్చిపోయిందే" అంది. నాకు మాత్రం ఏ బెంగా లేదు. పొద్దున్నే ఐదు చోట్ల తీగ గీరి చూశాను, అన్నీ లోపల పచ్చిగానే ఉన్నాయి. ఒక్క చోట తప్ప. గేటు పట్టీలో ఆ సిమెంటు బస్తా ఉన్న చోట మూడడుగుల పొడవున, రెండడుగుల వెడల్పున తీగ పెళుసుగా విరిగింది, లోపల కూడా గోధుమరంగే. అది పోయింది.

తెల్లవారుజామున నీళ్లు పెట్టిన రోజు గోరింకలు గుంపుగా దిగుతున్నాయి. తడి నేలలో పురుగులు ఏరుకుంటూ ఆరున్నర దాకా ఒకటే గోల. ఈ ఎండల్లో వాటికి కూడా ఈ 24 మీటర్లు పనికొస్తున్నాయని సంతోషం. గోడ నీడన మట్టి మూకుడులో నీళ్లు కూడా పెట్టాను.

జూన్ 9, మృగశిర కార్తె

నిన్న కార్తె ప్రవేశించింది. మార్కెట్లో చేపల కోసం తొక్కిసలాట. ఈ రోజు సాయంత్రం ఐదింటికి ఈదురుగాలి, ఆ వెనకే వాన. గంటసేపు దంచి కొట్టింది. వాన వెలిశాక అమ్మాయి స్కేలు పట్టుకుని పరుగెత్తి డబ్బాలో నీళ్లు కొలిచి, వీధికంతా వినపడేలా "22" అని అరిచింది. 33 చదరపు మీటర్ల మీద 22 మిల్లీమీటర్లు. నేను ట్యాంకు ఖాళీ చేసి, తెల్లవారుజామున లేచి పోసే నీళ్లకన్నా ఎక్కువ, ఒక్క గంటలో.

మామయ్య వరండాలోంచి దిగి గేటు పట్టీ దాకా నడిచారు. తాడు విప్పి పక్కన పడేశారు.

జూన్ 13

వాన పడిన నాలుగో రోజు. నిన్న రాత్రి ఇంకో జల్లు పడింది. ఇప్పుడు నేల మెత్తగా ఉంది, మబ్బు పట్టి ఉంది, తవ్వడానికి ఇదే అదను. చచ్చిపోయిన చోటు నుంచి మొదలుపెట్టి, సిమెంటు పెళ్లలు ఉన్నంత మేరా గడ్డిని చాపల్లా కోసి ఎత్తి, తడి గోనెసంచుల కింద నీడన పెట్టాం. వేరుకు ఎండ తగలకుండా చూసే పని మామయ్య తీసుకున్నారు. సంచులు ఆరినప్పుడల్లా నీళ్లు చిలకరిస్తూ దగ్గరే కూర్చున్నారు.

ఇద్దరు కూలీలు మధ్యాహ్నానికల్లా పదకొండు తట్టల చెత్త పైకి తీశారు. గట్టిపడిన సిమెంటు బస్తాను ఇద్దరూ కలిసి మోయాల్సి వచ్చింది. గుంతలో ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి నింపి, తొక్కి, నీళ్లు పెట్టి దిగనిచ్చాం. దాని మీద కోసి పెట్టిన చాపలు తిరిగి పరిచాం. చచ్చిన ఆరు చదరపు అడుగుల చోటుకు చాప లేదు. దానికి కొత్తది కొనలేదు. వంటింటి మూల ఇప్పుడు గుబురుగా పాకుతోంది, అక్కడి తీగలనే కోసి, మూడు కణుపులు ఉండేలా ముక్కలు చేసి, రెండు కణుపులు మట్టిలోకి, ఒకటి పైకి వచ్చేలా ఐదంగుళాల దూరంలో నాటాను.

జూన్ 20

గేటు పట్టీ అంతా మొలకలే. ఎండిన పరకల మధ్య నుంచి సూదుల్లాంటి లేతపచ్చ కొసలు. ఒక చదరపు అడుగు గీసుకుని లెక్కపెట్టాను, 61. వారం క్రితం తిరిగి పరిచిన చాపలు చేత్తో లాగితే రావట్లేదు, కింది మట్టిని పట్టేశాయి. నాటిన తీగ ముక్కలు నలభైలో ముప్పైమూడు చిగురించాయి.

నడిమధ్యన ఉన్న 24 మీటర్లు పూర్తిగా పచ్చబడ్డాయి. పిన్నికి ఫొటో పంపాను.

చదరపు మీటరుకు పది గ్రాముల చొప్పున యూరియా కొలిచి, మూడు పొట్లాలు కట్టి పెట్టాను. మొదటిది రేపు జల్లు పడితే నడిమధ్యకు, గేటు పట్టీకి ఇంకో రెండు వారాలు ఆగి. మొదటి కోత వచ్చే ఆదివారం, అంగుళమున్నర ఎత్తులో. బ్లేడు మళ్లీ సాన పట్టించాలి. సైకిల్ అతను శనివారం వస్తానన్నాడు.